కొత్త మినీ ట్రాక్టర్, దాని పనిముట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది నూజివీడు పక్క పల్లె. ఐదెకరాల మామిడి తోట, రెండెకరాల మొక్కజొన్న. మూడేళ్ల కిందట 24 హెచ్‌పీ ఫోర్ వీల్ మినీ ట్రాక్టర్ తీసుకున్నాను. అప్పటి నుంచి గట్టు మీద ఆగి అడిగేవాళ్లు, రాత్రిపూట ఫోన్ చేసి అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ప్రశ్నలు మాత్రం దాదాపు అవే. అందుకే అన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. బండి ఇంకా కొననివాళ్లు మొదటి నుంచి చదవండి. కొనేసినవాళ్లు ముందు పీటీవో, అంటే ఇంజన్ బలంతో వెనక పనిముట్టుని తిప్పే ఇరుసు, దాని దగ్గర ప్రమాదం గురించి రాసిన జవాబు చదివి, ఆ తర్వాతే మిగతావి చూడండి.

నాకు మినీ సరిపోతుందా, పెద్ద బండే తీసుకోవాలా?

ఎకరాల లెక్కతో తేల్చొద్దు, పని లెక్కతో తేల్చండి. మా ఊళ్లో పదిహేనెకరాల ఆయన మినీతో హాయిగా ఉన్నాడు, ఎందుకంటే అంతా నిమ్మ తోట. నాలుగెకరాల నల్లరేగడి ఉన్న మా బావ మాత్రం కొన్న రెండో ఏడే అమ్మేశాడు. ఆయనకి కావాల్సింది వేసవిలో లోతు దుక్కి, ఆ తర్వాత ధాన్యం తోలకం. ఆ రెండూ బరువున్న బండి చేసే పనులు.

మనం మినీ అనేవి 15 నుంచి 30 హెచ్‌పీ దాకా ఉంటాయి. వెడల్పు మూడు, మూడున్నర అడుగులు. బరువు సుమారు 600 నుంచి 900 కిలోలు. 45 హెచ్‌పీ బండి రెండు టన్నుల దరిదాపుల్లో తూగుతుంది. నాగలి లాగాలంటే ఇంజన్ బలం ఒక్కటే చాలదు, చక్రం నేలని పట్టుకోవాలి, అందుకు బరువు కావాలి. అదే తోటలోకి వచ్చేసరికి ఆ బరువే చేటు. వేరు మీద నేల గట్టిపడుతుంది, వాన వెలిసిన మర్నాడు లోపలికి పోలేం, వంగిన కొమ్మలన్నీ విరుగుతాయి.

ఒక కాగితం మీద ఏడాది పొడుగునా మీ పొలంలో ట్రాక్టర్‌తో చేయించే పనులు, ఒక్కోదానికి పట్టే గంటలు రాయండి. అంతరకృషి, కలుపు, మందు కొట్టడం, చిన్న తోలకాలు ఎక్కువుంటే మినీ కొనండి. ఏడాదికోసారి వచ్చే లోతు దుక్కి కోసం పెద్ద బండి కొనక్కర్లేదు, ఆ రెండు రోజులకి కిరాయికి పిలిపించుకోండి. నేనిప్పటికీ అదే చేస్తున్నాను.

హెచ్‌పీ ఒక్కటే చూస్తే చాలా?

చాలదు. మూడు అంకెలు అడగండి. ఇంజన్ హెచ్‌పీ ఎంత, పీటీవో హెచ్‌పీ ఎంత, పనిముట్టుని పైకి లేపే లిఫ్ట్ ఎన్ని కిలోలు ఎత్తుతుంది. రోటవేటర్‌ని, అంటే తిరిగే బ్లేడ్లతో నేలని గుల్ల చేసే పనిముట్టుని, తిప్పేది పీటీవో హెచ్‌పీ. అది ఇంజన్ హెచ్‌పీ కంటే ఎప్పుడూ కొంత తక్కువే ఉంటుంది. లిఫ్ట్ సంగతికొస్తే కాగితం మీద 750 కిలోలని ఉన్నా అది పనిముట్టు తగిలించే కింది లింకుల చివర దగ్గర కొలిచిన లెక్క కావచ్చు. మనం తగిలించే పనిముట్టు బరువు అక్కడి నుంచి ఇంకా అడుగున్నర, రెండడుగులు వెనక్కి ఉంటుంది. అంత దూరంలో ఎత్తే బరువు తగ్గిపోతుంది.

కంపెనీ కరపత్రం కంటే పరీక్ష నివేదిక నమ్మదగ్గది. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వ యంత్ర పరీక్షా సంస్థ ఉంది. ట్రాక్టర్లని అక్కడ నడిపి, కొలిచి నివేదిక ఇస్తారు. అలాంటి సంస్థే మనకి అనంతపురం జిల్లా గార్లదిన్నెలోనూ ఉంది. అక్కడ రైతులకి యంత్రాల మీద శిక్షణ కూడా ఇస్తారు. కొత్తగా బండి పట్టే కుర్రాళ్లని అలాంటి శిక్షణకి పంపితే, డీలర్ షెడ్డులో పావుగంటలో చెప్పించుకున్న దానికంటే ఎన్నో రెట్లు మేలు.

ఫోర్ వీల్ డ్రైవ్ తప్పనిసరా?

మినీలో అయితే నేను తప్పనిసరి అనే అంటాను. బండి తేలిక కాబట్టి నాలుగు చక్రాలూ లాగితేనే పని సాగుతుంది. పదును కాస్త ఎక్కువైన నేలలో టూ వీల్ మినీ నిలబడి చక్రం తిప్పుకుంటుంది.

ఒక్క జాగ్రత్త. తారురోడ్డు ఎక్కగానే ఫోర్ వీల్ తీసేయాలి. ముందు చక్రాలు వెనకవాటికంటే కొంచెం ముందుకు లాగేలా గేర్లు అమర్చి ఉంటాయి. మట్టిలో ఆ తేడా జారుడులో సర్దుకుంటుంది. గట్టి రోడ్డు మీద సర్దుకోదు, ముందు టైర్లు అరిగిపోతాయి, యాక్సిల్ గేర్ల మీద ఒత్తిడి పడుతుంది. టైర్లు మార్చేటప్పుడూ కంపెనీ ఇచ్చిన సైజే వేయండి. వెనక రెండు చక్రాలూ కలిసి తిరిగేలా చేసే డిఫరెన్షియల్ లాక్ కూడా చక్రం దిగబడినప్పుడు తొక్కి, బయటపడగానే వదిలేయాలి. లాక్‌లో ఉండగా మలుపు తిప్పొద్దు.

ధర ఎంత? సబ్సిడీ వస్తుందా?

20 నుంచి 28 హెచ్‌పీ ఫోర్ వీల్ బండ్లు మోడల్‌ని బట్టి సుమారు 4.5 లక్షల నుంచి 6.5 లక్షల దాకా ఉన్నాయి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. రోటవేటర్ లాంటి వ్యవసాయ యంత్రాలకీ అంతే. ట్రాక్టర్ టైర్లు, విడిభాగాల మీద 18 శాతం ఉండేది, అదీ 5కి దిగింది. కొటేషన్ తీసుకుంటే పన్ను గడి దగ్గర వేలు పెట్టి చూసుకోండి.

సబ్సిడీ కేంద్రం యాంత్రీకరణ పథకం కింద రాష్ట్రాల ద్వారా వస్తుంది. ఏ ఏడు ఏ యంత్రానికి ఇస్తారన్నది మారుతూ ఉంటుంది. చాలాసార్లు ట్రాక్టర్ కంటే పనిముట్లకే తేలిగ్గా దొరుకుతుంది. ఆంధ్రలో రైతు సేవా కేంద్రంలో, తెలంగాణలో మండల వ్యవసాయాధికారి దగ్గర ముందు కనుక్కోండి. మంజూరు కాగితం చేతికి రాకముందే కొనేసి, తర్వాత సబ్సిడీ ఇప్పిస్తామన్న మాట నమ్మి కూర్చోవద్దు.

కాగితాల విషయంలో ఏం చూసుకోవాలి?

ఆర్సీ, ఇన్సూరెన్స్, లైసెన్స్. మోటారు వాహనాల చట్టంలో 7,500 కిలోలు దాటని ట్రాక్టర్ తేలికపాటి మోటారు వాహనం కిందకే వస్తుంది, కాబట్టి కారు నడిపే ఎల్‌ఎంవీ లైసెన్స్ ఉంటే సరిపోతుంది. పొలానికే కదా అని లైసెన్స్ లేని పిల్లల చేతికి ఇవ్వొద్దు. పొలానికి వెళ్లే దారి కూడా రోడ్డే.

ఇన్సూరెన్స్‌లో చాలామంది పొరబడేది ట్రక్కు, అంటే ట్రాలీ దగ్గర. ట్రాక్టర్ పాలసీ ఉంటే ట్రక్కుకీ వర్తిస్తుందనుకుంటారు. ట్రక్కు వివరాలు పాలసీలో విడిగా రాయించి, దానికి ప్రీమియం కట్టి ఉండాలి. అప్పు మీద కొన్నవాళ్లు వాయిదాలు తీరగానే బ్యాంకు నుంచి నో అబ్జెక్షన్, ఫారం 35 తీసుకుని ఆర్సీ మీద బ్యాంకు పేరు కొట్టించుకోండి. అప్పు తీరి నాలుగేళ్లయ్యాక బండి అమ్మబోయి, అప్పుడు ఆ కాగితాల కోసం తిరిగినవాళ్లని చూశాను.

బండి ఇంటికి తెచ్చుకునే రోజు ఏం చూడాలి?

ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు కాగితాలతో సరిపోయాయా, గంటల మీటరు ఎంత చూపిస్తోంది, టైర్ల మీద తయారైన వారం, సంవత్సరం ఏంటి. టూల్ బాక్స్, మాన్యువల్, రెండు తాళాలు, పనిముట్టుని పై నుంచి పట్టి ఉంచే టాప్ లింకు, డ్రాబార్ పిన్ను అడిగి తీసుకోండి. పీటీవో వేసి తిప్పించండి, లిఫ్ట్ ఎత్తించి దింపించండి. చక్రాల నట్లు ఇంటికి రాగానే ఒకసారి, మొదటి రెండు మూడు గంటల పని తర్వాత ఇంకోసారి బిగించండి.

తోట కోసం కొనేవాళ్లు పొగ గొట్టం ఎటుందో చూడటం మరిచిపోవద్దు. నిలువు గొట్టమైతే కొమ్మలకి తగులుతుంది. కిందకి పోయేది కావాలని ముందే అడగండి.

మొదటి 50 గంటలు మెల్లగా తోలాలంటారు, నిజమేనా?

నిజమే, కానీ మెల్లగా అన్న మాటని అపార్థం చేసుకుంటున్నారు. కొత్త బండిని తక్కువ రేజింగ్‌లో గంటలకొద్దీ ఊరికే ఆడించడం కూడా చెరుపే. పిస్టన్ రింగులు సిలిండర్‌లో సర్దుకోవాలంటే కొంత బరువు పడాలి. తేలిక నుంచి మధ్యస్థం పని ఇవ్వండి. గొర్రు, చిన్న తోలకం లాంటివి. రేజింగ్ మార్చి మార్చి తోలండి. ఇంజన్ గుక్కపట్టేంత బరువు మాత్రం పెట్టొద్దు.

50 గంటలకి మొదటి సర్వీసు చాలా బండ్లకి రాసి ఉంటుంది. దాన్ని వాయిదా వేయొద్దు. ఆ ఆయిల్లో గేర్లు, రింగులు సర్దుకున్నప్పుడు రాలిన లోహపు పొడి ఉంటుంది. నా బండి ఫిల్టర్ తీసినప్పుడు అరచేతిలో ఒక బొట్టు ఆయిల్ వేసుకుని ఎండలో తిప్పి చూశాను. సన్నని మెరుపు, వెండి పొడి చల్లినట్టు. ఇంకో వంద గంటలు అదే ఆయిల్‌తో తోలి ఉంటే ఆ పొడంతా బేరింగుల్లో తిరిగేది.

ఏ పనిముట్లు ముందు కొనాలి?

నన్ను ఎక్కువమంది అడిగేది, ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. షోరూంలో ట్రాక్టర్‌తో పాటు రోటవేటర్, గొర్రు, ట్రక్కు, స్ప్రేయర్ కలిపి ఒక ప్యాకేజీ చెబుతారు. అన్నీ ఒకే అప్పులో కలిసిపోతే నెల వాయిదా కొంచెమే పెరిగినట్టు కనిపిస్తుంది. ఒప్పుకోకండి. ఒక పంటకాలం గడిస్తేగానీ మీ నేలకి, మీ సాళ్లకి ఏ కొలత కావాలో మీకే తెలియదు.

నేను ముందు ఐదు టైన్ల, అంటే ఐదు పళ్ల గొర్రు ఒక్కటే తీసుకున్నాను. చౌక, తిరిగే భాగాల్లేవు, పాడవదు. దాంతోనే లిఫ్ట్ వాడకం, టాప్ లింకు సర్దడం, మలుపుల్లో ఎత్తి దించడం చేతికొచ్చాయి. ఆర్నెల్ల తర్వాత రోటవేటర్. ఏడాదికి మందు కొట్టే హెచ్‌టీపీ పంపు. ట్రక్కు పక్కింటి వాళ్లది వాడుకుంటున్నాను, వాళ్లకి నా రోటవేటర్ ఇస్తాను. ఇద్దరం కొనకుండా గడిచిపోతోంది.

మీ పంటని బట్టి వరస మారుతుంది. పత్తి, మిరప వాళ్లకి సాళ్ల మధ్య తోలే చిన్న గొర్రు, గుంటక ముందు కావాలి. కానీ బండి వెడల్పుని బట్టే సాలు దూరం పెట్టుకోవాలి. మూడడుగుల సాలులో మూడున్నర అడుగుల బండి పోదు, విత్తాక తెలుసుకుని లాభం లేదు. చెరకు, పసుపు, కూరగాయల వాళ్లకి బోదె నాగలి. పశువులున్నవాళ్లకి గడ్డి కోసే కట్టర్. గుంతలు తీసే ఆగర్ మాత్రం సొంతానికి కొనొద్దు, మొక్కలు పెట్టేది పదేళ్లకోసారి. కిరాయికి తెచ్చుకోండి. తెచ్చినప్పుడు ఇంకో మాట. బురద నల్లమట్టిలో ఆగర్ ఒక్కసారే నిలువునా దింపితే ఇరుక్కుపోతుంది, పీటీవో వెనక్కి తిరగదు, ఇక పైపు రెంచీతో చేత్తో తిప్పి ఊడదీయాలి. అరడుగు దింపి ఎత్తి మట్టి దులుపుతూ దిగండి. దాన్ని పట్టుకుని నిలబెట్టడానికి మనిషిని పెట్టొద్దు.

ఎంత రోటవేటర్ తీసుకోవాలి?

24 హెచ్‌పీకి మూడున్నర నుంచి నాలుగడుగులు. ఐదడుగులది కూడా లాగుతుందని చెబుతారు. ఇసుక నేలలో పైపైన లాగుతుంది, మన నేలలో గుక్కపడుతుంది. ఇంకో లెక్క కూడా చూడండి. రోటవేటర్ వెడల్పు వెనక టైర్ల బయటి అంచుకి సమానంగానో కాస్త ఎక్కువగానో ఉండాలి. లేకపోతే టైరు తొక్కిన జాడ దున్నకుండా మిగిలిపోతుంది.

నాలుగడుగుల దానితో నాకు ఎకరానికి రెండు గంటలు పడుతుంది. పెద్ద బండి ఆరడుగులతో గంటలో కానిచ్చేస్తుంది. ఈ తేడా ముందే తెలిసి కొనండి.

బ్లేడు బోల్టులు కొత్తలో రెండు గంటలు తిరిగాక ఒకసారి బిగించాలి. గేర్ బాక్సు ఆయిల్, పక్క చెయిన్ లేదా గేర్ డబ్బాలో ఆయిల్ చూడాలి. మలుపులో బాగా పైకెత్తినప్పుడు పీటీవో ఆపేయండి. షాఫ్ట్ కోణం ఎక్కువైతే జాయింట్లు టకటకమని కొట్టుకుంటాయి, ఆ చప్పుడు వినబడిందంటే క్రాసు బేరింగు ఆయుష్షు తగ్గుతున్నట్టే.

నేల సంగతి కూడా చెప్పాలి. రోటవేటర్ తిప్పితే నేల పిండిలా కనబడుతుంది, చూడ్డానికి ముచ్చటేస్తుంది. అదే లోతులో ఏటా తిప్పితే నాలుగైదు అంగుళాల కింద గట్టి పొర ఏర్పడుతుంది, నీళ్లు దిగవు, వేళ్లు దిగవు. తుంగ, గరిక ఉన్న చోట అయితే అసలు తిప్పొద్దు. గడ్డ, వేరు ముక్కలై ప్రతి ముక్కా మొలుస్తుంది. మా తోట తూర్పు మూల గరిక అలా నేనే పెంచుకున్నాను. ఇప్పుడక్కడ ఏటా రోహిణి కార్తెకి ముందు కిరాయి బండితో లోతు దుక్కి చేయించి, గరిక వేళ్లు ఎండలో మాడనిచ్చి, ఆ తర్వాతే గొర్రు తోలుతున్నాను.

పాత పెద్ద ట్రాక్టర్ పనిముట్లు దీనికి తగిలించవచ్చా?

తగలడం వేరు, పనిచేయడం వేరు. మినీల లింకులు కేటగిరీ 1 కొలతలో ఉంటాయి, కొన్నిటికి ఆ పిన్నులే ఉన్నా వెడల్పు తక్కువ. కేటగిరీ 1లో కింది పిన్ను 22 మిల్లీమీటర్లు, టాప్ లింకు పిన్ను 19. పెద్ద బండ్ల కేటగిరీ 2లో అవి 28, 25. లావు పిన్నున్న పనిముట్టు మినీ లింకు కంట్లో దూరదు, పిన్నులు మార్పించాలి. అలా మార్పించినా తొమ్మిది టైన్ల గొర్రుని మినీ లాగలేదు. నాలుగు టైన్లు తీసేసి వాడుకునేవాళ్లున్నారు, అది కుదురుతుంది.

షాఫ్ట్ పొడవు సరిచూడటం ఎలా?

పీటీవో షాఫ్ట్ ఒక గొట్టంలో ఇంకోటి జారే రెండు ముక్కలు. పనిముట్టుని కింద నుంచి పై దాకా మెల్లగా ఎత్తుతూ షాఫ్ట్ ఎక్కడ బాగా కురచగా అవుతుందో చూడండి. అక్కడ కూడా అంగుళం ఖాళీ మిగలాలి. మిగలకపోతే షాఫ్ట్ లోపల తన్ని పీటీవో బేరింగుని, గేర్ బాక్సుని బద్దలు కొడుతుంది. బాగా సాగిన చోట రెండు గొట్టాలు మూడో వంతైనా ఒకదాంట్లో ఒకటి ఉండాలి. పొడవెక్కువైతే రెండు గొట్టాలూ, పైన రక్షణ తొడుగులూ సమానంగా కోయించండి. ఈ పని డీలర్ మనిషితోనే, మీ బండికే తగిలించి చేయించండి. మినీ బండి కురచ, మార్కెట్లో రోటవేటర్‌తో వచ్చే షాఫ్ట్ చాలాసార్లు దీనికి పొడవు.

పీటీవో దగ్గర ప్రమాదం అంటారు, అంత భయపడాలా?

భయపడాలి. పీటీవో తిరిగేది నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకి 9. షాఫ్ట్ గొట్టం చుట్టుకొలత జానెడు. ఒక్క సెకనులో రెండు గజాల గుడ్డ దానికి చుట్టుకుంటుంది. చెయ్యి వెనక్కి లాక్కునే సమయం మనిషికి ఉండదు.

హెచ్‌టీపీ పంపు కొన్న మొదటి ఏడు దాంతో మందు కొడుతున్నాం. పంపు తిరుగుతూనే ఉంది. ట్యాంకులో జాలీ మూసుకుపోయిందేమోనని షాఫ్ట్ పక్కగా వంగాను. భుజాన తువ్వాలు ఉంది. దాని కొస జారి షాఫ్ట్ మీద పడిందని నాకు తెలియలేదు. మెడ మీద రాసుకుపోయిన మంట, ఆ వెంటనే టప్ మన్న చప్పుడు. తువ్వాలు పాతది కాబట్టి, మెడకి చుట్టుకుని లేదు కాబట్టి చిరిగి పోయింది. చూసేసరికి షాఫ్ట్ మీద తాడు పేనినట్టు గట్టిగా బిగిసిపోయి ఉంది. కొడవలితో కోసి తీయాల్సి వచ్చింది. అదే కొత్త కండువా అయ్యుంటే ఇవన్నీ రాయడానికి నేనుండేవాణ్ని కాదు.

ఆ షాఫ్ట్ మీద ప్లాస్టిక్ తొడుగు లేదు. గ్రీజు కొట్టడానికి అడ్డమని నేనే తీసి షెడ్డులో పడేశాను. ఆ సాయంత్రమే తొడిగాను. మీ తొడుగు విరిగిపోయి ఉంటే ఈ రోజే కొనండి. తువ్వాలు, లుంగీ, చున్నీ, వదులు చొక్కా చేతులు, జారిన చీర కొంగు, వీటితో ఎవరూ తిరిగే షాఫ్ట్ దగ్గరికి రాకూడదు. రోటవేటర్‌లో గడ్డి చుట్టుకుంటే పీటీవో ఆపడం చాలదు. ఇంజన్ ఆపి, తాళం జేబులో వేసుకుని, పనిముట్టు నేల మీదకి దించి, అప్పుడు చెయ్యి పెట్టాలి. లిఫ్ట్ మీద నిలిపి కింద దూరొద్దు. మడ్‌గార్డు మీద ఎవర్నీ కూర్చోబెట్టొద్దు, సరదాపడిన పిల్లల్ని అసలే వద్దు. వెనక రోటవేటర్ తిరుగుతుంటే ఒక్క కుదుపు చాలు.

ఒక్కణ్నే రోటవేటర్ తగిలించడం ఎలా? గంట పడుతోంది.

రోటవేటర్‌ని విప్పేటప్పుడే సమంగా ఉన్న చోట, రెండు చెక్కల మీద విప్పండి. సగం పని అక్కడే అయిపోతుంది. తిరిగి తగిలించేటప్పుడు తిన్నగా వెనక్కి వచ్చి ముందు ఎడమ లింకు పెట్టండి. కుడి లింకుకి ఎత్తు మార్చే తిప్పుడు ఉంటుంది కాబట్టి అది రెండోది. తర్వాత టాప్ లింకు, చివర షాఫ్ట్. షాఫ్ట్ గాట్లలో కూర్చున్నాక పిన్ను టక్కుమని బయటికి రావాలి. రాకపోతే కూర్చోనట్టే, లాగి చూడండి. ఆ తర్వాత ఊగకుండా పక్క చెయిన్లు బిగించాలి. నాకిప్పుడు పన్నెండు నిమిషాలు.

దమ్ముకి పనికొస్తుందా?

వస్తుంది. తేలిక బండి కాబట్టి ఊబి మడుల్లో పెద్ద బండికంటే తక్కువ దిగబడుతుంది. కేజీ వీల్స్, అంటే ఇనప పంజరం చక్రాలు వేసుకోవాలి. అవి వేసుకుని తారురోడ్డు ఎక్కొద్దు, రోడ్డు చెడుతుంది, ఫైన్ వేస్తారు. ఏ రోజు బురద ఆ రోజే కడిగి, ముందు యాక్సిల్ సీళ్ల దగ్గర చుట్టుకున్న గడ్డి పీకి, గ్రీజు కొట్టండి. సీలు పోతే బురదనీళ్లు గేర్లలోకి వెళ్తాయి. ఆయిల్ పాలలా తెల్లబడితే నీళ్లు చేరినట్టే, ఇక తోలకుండా మెకానిక్‌ని పిలవండి.

ట్రక్కులో ఎంత బరువు వేయొచ్చు? కూలీల్ని ఎక్కించుకోవచ్చా?

నేను టన్నుంబావు దాటనివ్వను. లాగడం కష్టం కాదు, ఆపడం కష్టం. 700 కిలోల బండిని వెనక రెండు టన్నులు తోస్తుంటే బ్రేకు తొక్కినా ఆగదు. రోడ్డెక్కే ముందు కుడి, ఎడమ బ్రేకు పెడళ్లని కలిపే కొక్కెం తప్పక వేయండి. పొలంలో మలుపు కోసం విడివిడిగా వాడినవాళ్లు రోడ్డు మీద కూడా అలాగే వచ్చేస్తారు, ఒక్క చక్రానికే బ్రేకు పడి బండి పక్కకి తిరుగుతుంది. ఇరుక్కున్న దేన్నయినా గొలుసు కట్టి లాగాల్సి వస్తే బండి వెనక కింద ఉండే డ్రాబార్‌కే కట్టాలి. టాప్ లింకు దగ్గర కడితే ముందు చక్రాలు లేచి బండి వెనక్కి మీద పడుతుంది.

కూలీల్ని ఎక్కించుకోవద్దు. 2018 ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లా వద్దిపట్ల దగ్గర మిరప కోతకి వెళ్తున్న ట్రాక్టర్ కాలువలో పడింది. ఆ జూన్‌లోనే యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర ఇంకో ట్రాక్టర్ మూసీ కాలువలో పడింది. పోయినవాళ్లలో దాదాపు అందరూ ఆడకూలీలే. మా తోటలో కాయ కోతకి వచ్చేవాళ్లకి ఆటో కిరాయి నేనే ఇస్తాను. కూలి లెక్కలో అదీ ఒక ఖర్చనుకోండి.

మామిడికి మందు కొట్టడానికి ఏది మంచిది?

బాగా ఎత్తు పెరిగిన పాత చెట్లకి హెచ్‌టీపీ పంపు, పొడవు పైపు, గన్ను. పూత మీద తేనెమంచు పురుగు వచ్చినప్పుడు కొమ్మ లోపలికి మందు అందాలంటే మనిషి చుట్టూ తిరిగి కొట్టాల్సిందే. దగ్గర దగ్గరగా పెట్టి కత్తిరించి పెంచే చిన్న చెట్లకైతే బ్లోయర్ స్ప్రేయర్ బాగుంటుంది. నిండు ట్యాంకు వెనక వేలాడితే ముందు చక్రాలు తేలిపోతాయి, స్టీరింగ్ మాట వినదు. ముందు బరువు దిమ్మలు వేసుకోండి.

డీజిల్ ఎంత తాగుతుంది?

గొర్రు, మందు పనులకి గంటకి రెండు, రెండున్నర లీటర్లు. రోటవేటర్‌కి మూడు, మూడున్నర. గట్టి నేలలో నాలుగు దాకా పోతుంది. సాయంత్రం పని అయ్యాక ట్యాంకు నింపి పెట్టండి. ఖాళీ ట్యాంకులో రాత్రి చెమ్మ పట్టి నీళ్లు చేరతాయి.

రోజూ చూసుకోవాల్సినవి ఏంటి?

పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ పుల్ల, రేడియేటర్ నీళ్లు, ఎయిర్ క్లీనర్. మొక్కజొన్న చొప్ప పొట్టు, దుమ్ము రేడియేటర్ ముందు జాలీకి పట్టేస్తే అరగంటలో వేడెక్కుతుంది. లోపలి వైపు నుంచి బయటికి గాలి కొట్టాలి. కాగితం ఫిల్టర్‌ని నీళ్లతో కడగొద్దు. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయొద్దు, ముఖ్యంగా ఉప్పు నీళ్లు, ఫ్లోరైడ్ నీళ్లున్న ఊళ్లవాళ్లు. టీ గిన్నె అడుగున పట్టే తెల్ల పొరే లోపల కూడా పడుతుంది. రెండు లీటర్ల కూలెంట్ డబ్బా షెడ్డులో ఉంచుకోండి. రోటవేటర్ తోలే రోజు షాఫ్ట్ క్రాసులకి గ్రీజు. మొత్తం పది నిమిషాల పని.

కిరాయికి తిప్పి వాయిదాలు కట్టొచ్చా?

మినీతో దాని మీదే ఆధారపడి లెక్క వేసుకోవద్దు. గంట కిరాయి పెద్ద బండికే ఎక్కువ, పని కూడా దానికే తొందరగా అవుతుంది. మినీకి గిరాకీ ఉండేది పెద్దవి దూరని తోటల్లో, కూరగాయల మడుల్లో, ఇంటి వెనక స్థలాల్లో. అది దొరికితే మంచిదే. వ్యవసాయ బండిగా రిజిస్టరు చేసి ఇటుక, ఇసుక తోలితే మాత్రం ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్స్ వాళ్లు చేతులెత్తేస్తారు. బండిలో ఒక నోటుపుస్తకం పెట్టి తేదీ, పని, గంటలు, డీజిల్ రాయండి. ఏడాది తిరిగేసరికి ఏ పనిముట్టు తనని తాను పోషించుకుందో ఆ పుస్తకమే చెబుతుంది. నా గుంటక ఏడాది మొత్తంలో ఆరు గంటలు తిరిగింది. అమ్మేశాను.

రెండు మూడు నెలలు పని లేకపోతే ఎలా నిలపాలి?

కడిగి, ఆరబెట్టి, గ్రీజు కొట్టి, నీడలో పెట్టండి. డీజిల్ ట్యాంకు నిండుగా ఉంచండి. పనిముట్టు లిఫ్ట్ మీద వేలాడదీయకుండా దించేయండి. గొర్రు కర్రులకి, రోటవేటర్ బ్లేడ్లకి పాత ఇంజన్ ఆయిల్ పూస్తే తుప్పు పట్టదు. బ్యాటరీ నెగటివ్ తీగ ముందు విప్పి, తిరిగి పెట్టేటప్పుడు చివర పెట్టండి. పదిహేను రోజులకోసారి స్టార్ట్ చేసి, నాలుగు అడుగులు ముందుకీ వెనక్కీ తోలండి. బానెట్ ఎత్తకుండా మాత్రం తాళం తిప్పొద్దు. మా షెడ్డులో ఒక వానాకాలం ఎలుక సరిగ్గా ఇంజన్ మీద గూడు కట్టి, గడ్డినంతా ఫ్యాను దాకా నింపేసింది. గూడు తీసి చూస్తే రెండు వైర్ల మీద తొడుగు కొరికేసి రాగి కనబడుతోంది. టేపు చుట్టి, ఆ పక్కన గ్రీజు గుడ్డలు పెట్టడం మానేశాను.